డివిడెండ్‌ను జీతంగా నమ్ముకోకండి

పదవీ విరమణ సొమ్ము చేతికొచ్చిన ఉద్యోగులకు, పొలమో ప్లాటో అమ్మి డబ్బు బ్యాంకులో వేసుకున్నవారికి, నెలకు రెండు మూడు వేలు మిగుల్చుకుంటున్న యువతకు ఈ హెచ్చరిక. డివిడెండ్ ఇచ్చే షేర్లు కొని, ఏడాది పొడవునా వచ్చే ఆ డబ్బుతో ఇల్లు గడుపుకోవచ్చన్న మాట నమ్మి ఉన్నదంతా మార్కెట్లో పెట్టకండి. పెట్టే ఆలోచనలో ఉంటే ఆగండి. అప్పు తెచ్చి పెడదామనుకుంటే ఆ ఆలోచన ఈరోజే మానుకోండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 2020 మార్చిలో దేశంలో సుమారు 4 కోట్ల డీమ్యాట్ ఖాతాలుండేవి. 2025 మార్చికి అవి 19 కోట్లు దాటాయి. కొత్తగా వచ్చినవారిలో చాలామంది మార్కెట్ ఏళ్ల తరబడి లేవకుండా పడి ఉండటం చూసి ఎరగరు. ఫోన్ తెరిస్తే చాలు, కూర్చున్న చోటికే ఆదాయం వస్తుందని, ఉద్యోగం మానేసినా ఇబ్బంది ఉండదని తెలుగులోనే చెప్పే వీడియోలు వరుస కడుతున్నాయి. చిట్టీ పాటలో తగ్గించుకున్న సొమ్ము నెలనెలా సభ్యులందరికీ పంచడం చూస్తూ పెరిగిన ఇళ్లు మనవి. షేర్లలో వచ్చేది కూడా అంత కచ్చితంగా, అంత క్రమంగా వస్తుందనుకోవడం ఇక్కడ చాలా తేలిక. అసలు ప్రమాదం అక్కడే మొదలవుతోంది.

ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

డివిడెండ్ అదనంగా ఊడిపడే సొమ్ము కాదు. కంపెనీ ఖజానాలో ఉన్న డబ్బు వాటాదారుల చేతికి వస్తుంది. అంతమేరకు కంపెనీ విలువ తగ్గుతుంది. అందుకే డివిడెండ్ హక్కు లేకుండా షేరు అమ్ముడయ్యే మొదటి రోజున, అంటే ఎక్స్ డివిడెండ్ రోజున, ధర ఇంచుమించు ఆ మేరకు దిగుతుంది. రెండు మూడు రూపాయల డివిడెండ్ అయితే రోజువారీ హెచ్చుతగ్గుల్లో ఇది కంటికి ఆనదు. పెద్ద మొత్తమైతే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

2020 డిసెంబరులో మెజెస్కో లిమిటెడ్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ, అమెరికాలోని తన అనుబంధ సంస్థను అమ్మగా వచ్చిన డబ్బును పంచుతూ షేరుకు ₹974 మధ్యంతర డివిడెండ్ ప్రకటించింది. అప్పటికి ఆ షేరు ధర వెయ్యి రూపాయలకు కాస్త తక్కువగా ఉంది. ఎక్స్ డివిడెండ్ రోజున అది ₹15 లోపుకు వచ్చింది. ముందు రోజు 100 షేర్లు కొన్న మనిషిని ఊహించుకోండి. సుమారు ₹98,000 పెట్టాడు. డివిడెండ్‌గా ₹97,400 వచ్చింది. చేతిలో మిగిలిన షేర్ల విలువ వెయ్యి, పదిహేను వందల మధ్య. లాభం లేదు, నష్టం లేదు అనిపిస్తుంది. కానీ ఆ ₹97,400 మొత్తం అతని ఆదాయంలో కలుస్తుంది. 30 శాతం శ్లాబులో ఉన్నవాడైతే ముప్పై వేల దాకా పన్ను కట్టాలి. షేరు ధర పడిపోవడం వల్ల వచ్చిన నష్టాన్ని డివిడెండ్ ఆదాయంలోంచి తీసేసుకోవడానికి చట్టం ఒప్పుకోదు. తన డబ్బే తనకు తిరిగొచ్చింది, దాని మీద పన్ను మాత్రం పడింది.

ముఖ విలువ ₹5 మీద లెక్కగడితే ఆ డివిడెండ్ 19,480 శాతం. వార్తల్లో వందల శాతాలు, వేల శాతాలు కనిపించినప్పుడు గుర్తుంచుకోవాల్సింది ఇదే. ఆ శాతం ముఖ విలువ మీద, మీరు పెట్టిన డబ్బు మీద కాదు. ₹2 ముఖ విలువ ఉన్న షేరుకు 200 శాతం డివిడెండ్ అంటే నాలుగు రూపాయలు. ఆ షేరును మీరు ₹800కు కొని ఉంటే మీకు వచ్చింది అర శాతం.

ఇచ్చి తీరాలన్న నియమం లేదు

డిపాజిట్ మీద వడ్డీ ఒప్పందం ప్రకారం వస్తుంది. ఇవ్వకపోతే అడిగే హక్కు మీకుంటుంది. డివిడెండ్‌కు ఆ హక్కు లేదు. మధ్యంతర డివిడెండ్ ఇవ్వాలా వద్దా అన్నది డైరెక్టర్ల బోర్డు ఇష్టం. ఏడాది చివరి డివిడెండ్‌ను బోర్డు సిఫార్సు చేయాలి, వార్షిక సర్వసభ్య సమావేశం ఆమోదించాలి. ప్రకటించాక 30 రోజుల్లో చెల్లించాలని కంపెనీల చట్టం చెబుతుంది గానీ, ప్రకటించి తీరాలని ఎక్కడా చెప్పదు.

దేశంలో అతి పెద్ద బ్యాంకు సంగతే చూడండి. భారతీయ స్టేట్ బ్యాంకు 2017-18లో ₹6,500 కోట్లకు పైగా నష్టం చూపింది. ఆ ఏడాదికి డివిడెండ్ ఇవ్వలేదు. ఆ మరుసటి ఏడాదికీ లేదు. మూడో ఏడాది కరోనా వచ్చింది. 2019-20 లాభాల నుంచి డివిడెండ్ చెల్లించవద్దని 2020 ఏప్రిల్ 17న రిజర్వు బ్యాంకు బ్యాంకులన్నిటినీ ఆదేశించింది. స్టేట్ బ్యాంకు వాటాదారుడికి వరుసగా మూడేళ్లు డివిడెండ్ లేదు. లాభాల్లో ఉన్న ప్రైవేటు బ్యాంకులు కూడా ఆ ఏడాది చేతులు ముడుచుకోవాల్సి వచ్చింది. ఆ డబ్బు మీదే ఇంటి అద్దె, మందుల ఖర్చు ఆనుకుని ఉంటే ఆ కుటుంబం ఏమయ్యేదో ఆలోచించండి. జీతాలు కోతపడి, కూలి పనులు ఆగిపోయిన ఆ నెలల్లోనే డివిడెండ్ కూడా ఆగింది. కష్టకాలంలో ఆదుకుంటుందనుకున్న ఆదాయం సరిగ్గా కష్టకాలంలోనే ఆగిపోవడం దీని స్వభావం.

హైదరాబాద్‌లో కేంద్ర కార్యాలయం ఉన్న ఎన్‌ఎండీసీ ప్రభుత్వ రంగ సంస్థ, డివిడెండ్లకు పేరున్న కంపెనీ. 2021-22లో షేరుకు ₹14.74 ఇచ్చింది. మరుసటి ఏడాది ₹6.60 ఇచ్చింది. తప్పు యాజమాన్యానిది కాదు. ఇనుప ఖనిజం ధర పెరిగినప్పుడు లాభం పొంగుతుంది, తగ్గినప్పుడు కుంగుతుంది. గనులు, లోహాలు, చమురు కంపెనీల డివిడెండ్ మామిడి తోట కాపు లాంటిది. విరగకాసిన ఏడాది చూసి, ప్రతి ఏడాదీ అంతే వస్తుందని కాపురం ఖర్చు లెక్క వేసుకోకూడదు.

పెద్ద శాతాలే పెద్ద ఎర

కొత్తవాళ్లు ముందుగా వెతికేది ఎక్కువ డివిడెండ్ యీల్డ్ ఉన్న షేర్ల జాబితా. ఏడాదిలో ఇచ్చిన డివిడెండ్‌ను షేరు ధరతో భాగిస్తే వచ్చే శాతమే యీల్డ్. ₹200 షేరు మీద ₹10 ఇస్తే అది 5 శాతం. కంపెనీకి కష్టం వచ్చి షేరు ₹100కు పడిందనుకోండి. నిరుటి డివిడెండ్ అలాగే ఉంటుంది గనుక యీల్డ్ 10 శాతానికి ఎగబాకుతుంది. అంటే కంపెనీ కష్టాల్లో పడిన సమయానికే ఆ షేరు జాబితాలో పైకి చేరుతుంది. కొత్త మదుపరి దాన్ని చౌక బేరం అనుకుంటాడు. వచ్చే ఏడాది డివిడెండ్ తగ్గుతుందని మార్కెట్ అప్పటికే ధరలో చెప్పేసి ఉంటుంది. ఒక్కోసారి ఆస్తి అమ్మి ఇచ్చిన ఒక్కసారి డివిడెండ్ కూడా ఆ శాతంలో కలిసిపోయి, ఏటా వచ్చేదిలా కనిపిస్తుంది.

2022-23లో వేదాంతా లిమిటెడ్ అయిదు విడతల్లో షేరుకు మొత్తం ₹101.50 డివిడెండ్ ఇచ్చింది. దేశమంతా దాని గురించే మాట్లాడుకుంది. అప్పుల భారం మోస్తున్న మాతృసంస్థ వేదాంతా రిసోర్సెస్‌కు డబ్బు చేరడానికి ఆ డివిడెండ్లు ముఖ్య మార్గమన్న విషయం మాత్రం చిన్న మదుపరుల దాకా అంతగా రాలేదు. 2022 ఏప్రిల్‌లో ఆ షేరు ₹400 పైన ఉండేది. 2023 సెప్టెంబరు చివరికి ₹210 దగ్గరకు వచ్చింది. వచ్చిన డివిడెండ్ లోంచి పన్ను తీసేసి చూస్తే, అప్పట్లో కొన్నవారికి అసలుకే ఎసరు వచ్చింది. ఆ తర్వాత షేరు కోలుకున్న మాట నిజమే. కానీ ఆ సెప్టెంబరులో కూతురి పెళ్లికో ఆపరేషన్‌కో అమ్ముకోక తప్పనివాడికి ఆ కోలుకోవడం ఎందుకూ పనికిరాదు.

కోల్ ఇండియా 2010లో ₹245 ధరకు పబ్లిక్ ఇష్యూకు వచ్చింది. డివిడెండ్లు దండిగా ఇచ్చింది. 2014 జనవరిలో ఒక్కసారే షేరుకు ₹29 ఇచ్చింది. అయినా పదేళ్ల తర్వాత, 2020 అక్టోబరు చివర్లో, షేరు ధర ₹120 లోపే ఉంది. అన్ని డివిడెండ్లూ కలిపి లెక్కేసినా, ఆ పదేళ్లలో బ్యాంకు డిపాజిట్ ఇచ్చినంత కూడా రాలేదు. ఆ తర్వాత ఆ షేరు కూడా బాగా పెరిగింది. అంతవరకు ఆగగలిగినవారికే ఆ ఫలం దక్కింది. నెల ఖర్చుకు అమ్ముకోవాల్సినవారు అన్నేళ్లు ఆగలేరు.

క్రమంగా డివిడెండ్ ఇస్తోంది కాబట్టి కంపెనీ నిజాయితీగలదే అనుకోవడం ఇంకో భ్రమ. సత్యం కంప్యూటర్స్ ఏటా డివిడెండ్ ఇచ్చింది. తెలుగు ఇళ్లలో ఆ షేరు గర్వంగా దాచుకున్నవారు ఎందరో. 2009 జనవరి 7న వేల కోట్ల నగదు నిల్వ ఖాతా పుస్తకాల్లో మాత్రమే ఉందని ఛైర్మన్ రామలింగరాజు లేఖ రాశారు. ముందు రోజు ₹180కి చేరువలో ఉన్న షేరు ఆ ఒక్క రోజులో ₹40 దగ్గరకు కూలింది. దివాన్ హౌసింగ్ ఫైనాన్స్ కూడా ఏటా డివిడెండ్ ఇచ్చిన కంపెనీయే. దివాలా ప్రక్రియలో 2021లో అది పిరమల్ గ్రూపు చేతికి వెళ్లింది. పాత షేర్ల విలువ సున్నా అయింది. వాటాదారుడికి పైసా దక్కలేదు.

కాగితం మీద లెక్క వేయండి

నిఫ్టీ 50 కంపెనీల సగటు డివిడెండ్ యీల్డ్ ఇటీవలి ఏళ్లలో ఒకటి, ఒకటిన్నర శాతం మధ్యే ఉంటోంది. 1.25 శాతం అనుకుంటే, నెలకు ₹10,000 రావడానికి ₹96 లక్షలు పెట్టాలి. ఏరికోరి 4 శాతం ఇచ్చే షేర్లు కొన్నా ₹30 లక్షలు కావాలి. నెలకు ₹2,000 చొప్పున పదేళ్లు కొనేవారు మొత్తం ₹2.4 లక్షలు పెడతారు. 4 శాతం లెక్కన ఏడాదికి ₹9,600, నెలకు ₹800. షేర్ల ధరలు, డివిడెండ్లు పెరిగితే ఇంకొంత ఎక్కువ రావచ్చు. అది మంచి పొదుపే. దాన్ని ఎవరూ తప్పుపట్టరు. కానీ అది ఉద్యోగం మానేయడానికి సరిపడే ఆదాయం కాదు. వీడియోలు దాచేది ఈ తేడానే.

అప్పు లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. రూపాయి వడ్డీకి లక్ష తెస్తే ఏడాదికి ₹12,000 కట్టాలి. రెండు రూపాయల వడ్డీ అయితే ₹24,000. ఆ లక్ష మీద 4 శాతం డివిడెండ్ వస్తే ₹4,000. బంగారం తాకట్టు పెట్టినా, వ్యక్తిగత రుణం తీసుకున్నా, క్రెడిట్ కార్డు గీకినా ఈ తేడా పూడదు.

పన్ను కూడా ఉంది. 2020 ఏప్రిల్ నుంచి డివిడెండ్ మీద పన్ను మదుపరే తన శ్లాబు ప్రకారం కట్టాలి. ఒక కంపెనీ నుంచి ఏడాదికి వచ్చే డివిడెండ్ ₹10,000 దాటితే 10 శాతం టీడీఎస్ కోస్తారు. 2025 ఏప్రిల్ వరకు ఈ హద్దు ₹5,000. పన్ను పరిధిలోకి రానివారు స్వీయ ధ్రువీకరణ ఫారం ముందుగా ఇవ్వకపోతే కోత పడుతుంది, ఆ డబ్బు కోసం రిటర్ను వేసి ఎదురుచూడాలి.

పెద్దవారికి వేరే దారి లేదా అంటే ఉంది. సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్ వడ్డీని 2023 ఏప్రిల్‌లో 8.2 శాతం చేశారు. గరిష్ఠ పరిమితి ₹30 లక్షలు. ₹25 లక్షలు వేస్తే మూడు నెలలకోసారి ₹51,250 వస్తుంది. కొత్తగా చేరేవారికి రేటు ఎప్పటికప్పుడు మారవచ్చు గానీ, చేరిన రోజున ఉన్న రేటు అయిదేళ్లూ మారదు. దీని మీదా పన్ను ఉంది. ధరల పెరుగుదలతో పాటు ఇది పెరగదన్నది కూడా నిజమే. కానీ తేదీకి వస్తుంది, అసలు అలాగే ఉంటుంది. డెబ్బై ఏళ్ల వయసులో మనిషికి కావాల్సింది ముందు ఈ రెండే.

ఆశ ఉన్నచోటికి మోసగాడు వస్తాడు

షేరు మంచిదైనా దళారి మంచివాడు కాకపోవచ్చు. హైదరాబాద్ కేంద్రంగా ఉన్న కార్వీ స్టాక్ బ్రోకింగ్ ఖాతాదారుల షేర్లను వారికి తెలియకుండా తాకట్టు పెట్టి అప్పులు తెచ్చిందని తేలడంతో 2019 నవంబరులో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ చర్య తీసుకుంది. ఆ షేర్ల విలువ ₹2,000 కోట్లకు పైమాటే. ఆ తర్వాత నిబంధనలు బిగించారు. అయినా మీ షేర్లు ఉన్నాయో లేవో బ్రోకర్ యాప్‌లో మాత్రమే చూసుకుని ఊరుకోవద్దు. షేర్లను భద్రపరిచే డిపాజిటరీలు సీడీఎస్‌ఎల్, ఎన్‌ఎస్‌డీఎల్ నుంచి నేరుగా మీకొచ్చే స్టేట్‌మెంట్‌తో సరిచూసుకోండి.

ఇప్పుడు అంతకన్నా పెద్ద బెడద నకిలీ యాప్‌లు. వాట్సాప్‌లోనో టెలిగ్రామ్‌లోనో ఒక గ్రూపులో చేరుస్తారు. యాప్‌లో షేర్లు కొన్నట్టు, డివిడెండ్లు జమ అవుతున్నట్టు అంకెలు చూపిస్తారు. మొదట రెండు మూడు వేలు వెనక్కి ఇచ్చి నమ్మకం కుదుర్చుకుంటారు. పెద్ద మొత్తం పెట్టాక డబ్బు తీసుకోబోతే పన్ను కట్టమంటారు, రుసుము కట్టమంటారు. ఒక్క విషయం గుర్తుంటే చాలు, ఈ వల తెలిసిపోతుంది. నిజమైన డివిడెండ్ మీ డీమ్యాట్‌కు జతపరిచిన మీ బ్యాంకు ఖాతాలోకి కంపెనీ తరఫున నేరుగా వస్తుంది. ఏ యాప్ వాలెట్‌లోనూ జమ కాదు. దాన్ని తీసుకోవడానికి ఎవరికీ ముందుగా పైసా కట్టనక్కర్లేదు. నెలకు ఇంత శాతం ఖాయం అని షేర్ల పేరుతో చెప్పేవాడు ఎవడైనా, అతను మీ బంధువైనా సరే, నమ్మకండి. ఖాయమైన రాబడుల ఆశ చూపి అగ్రిగోల్డ్ ఎన్ని లక్షల ఇళ్లను ముంచిందో రెండు తెలుగు రాష్ట్రాలు మరిచిపోలేదు. మోసపోయామని తెలిసిన వెంటనే సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు నిలిపివేసే అవకాశం అంత ఎక్కువ. సిగ్గుపడి ఆలస్యం చేయవద్దు.

ఇప్పుడు చేయాల్సింది

ఆరు నెలల ఇంటి ఖర్చు విడిగా బ్యాంకులో లేనివారు, ఆరోగ్య బీమా లేనివారు, అధిక వడ్డీ అప్పు తీరనివారు డివిడెండ్ కోసం ఒక్క షేరు కూడా కొనవద్దు. అవన్నీ ఉన్నవారు, అయిదేడేళ్లు ముట్టుకోనక్కర్లేని డబ్బులో ఒక భాగం మాత్రమే పెట్టండి. కొనే ముందు ఒక్క ఏడాది యీల్డ్ కాదు, పదేళ్ల చరిత్ర చూడండి. ఎన్నిసార్లు తగ్గించారు, ఎన్నిసార్లు ఎగ్గొట్టారు, లాభంలోంచి ఇస్తున్నారా లేక అప్పు చేసో ఆస్తి అమ్మో ఇస్తున్నారా అన్నది తెలుసుకోండి. ఒకే కంపెనీలో, ఒకే రంగంలో గుమ్మరించకండి. వచ్చిన డివిడెండ్‌ను మొదటి కొన్నేళ్లు ఖర్చు చేయకుండా మళ్లీ మదుపు చేయండి. నామినీ పేరు, బ్యాంకు ఖాతా వివరాలు సరిగా ఉన్నాయో లేదో చూసుకోండి. వరుసగా ఏడేళ్లు డివిడెండ్ తీసుకోకపోతే ఆ సొమ్ము, దాంతోపాటు ఆ షేర్లు కూడా మదుపరుల విద్య, రక్షణ నిధికి వెళ్లిపోతాయి. సలహా ఇచ్చేవారి సెబీ రిజిస్ట్రేషన్ నంబరు అడిగి, సెబీ వెబ్‌సైట్‌లో సరిచూశాకే వినండి.

ప్రభుత్వాలకు, సెబీకి కూడా చెప్పాల్సింది ఉంది. షేర్ల పాఠాలు చెప్పేవారు గత మూడు నెలల ధరలు వాడకూడదని 2025 జనవరిలో సెబీ ఆంక్ష పెట్టింది. మంచిదే. కానీ తెలుగు వీడియోల మీద నిఘా కూడా తెలుగు తెలిసినవారితో జరగాలి. బ్రోకర్ యాప్‌లు డివిడెండ్ యీల్డ్ చూపించే ప్రతిచోటా, గత పదేళ్లలో ఆ కంపెనీ డివిడెండ్ తగ్గించిన, ఆపేసిన ఏళ్లను అంతే పెద్ద అక్షరాల్లో చూపించాలని ఆదేశించాలి. ఉద్యోగులు పదవీ విరమణ చేసే ముందు ప్రతి శాఖలోనూ ఒక పూట డబ్బు భద్రత మీద తరగతి పెట్టాలి. ముఖ విలువ మీద వేల శాతాలను శీర్షికల్లో ఊరించడం పత్రికలు, చానళ్లు మానుకోవాలి.

ఇంట్లో పదవీ విరమణ దగ్గరపడిన తల్లో తండ్రో ఉంటే పిల్లలు ఈ వారమే వారితో కూర్చుని మాట్లాడండి. వచ్చే డబ్బులో నెల ఖర్చుకు ఎంత, వైద్యానికి ఎంత, ఎక్కడ ఉంచాలి అన్నది కాగితం మీద రాసుకోండి. ఆ రెండూ భద్రంగా పక్కన పెట్టాక మిగిలిన దాని గురించే షేర్ల మాట ఎత్తండి. ఈ మాటలు డబ్బు చేతికి రాకముందే జరగాలి.